అడవి లెక్క

చైతన్యపురిలో మా గది చుట్టూ కోచింగ్ సెంటర్లే. తొందరగా కొలువు తెచ్చే చదువులే. నా మనసు మాత్రం నీలగిరుల చెంత ముదుమలై అడవి మీద ఉంది. 1988లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వారు అక్కడ 50 హెక్టార్లు కొలిచి, సెంటీమీటరు లావు దాటిన ప్రతి కాండానికీ నంబరు కట్టారు. కరువుకు, కార్చిచ్చుకు, ఏనుగులకు ఏ చెట్టు పోయిందో, ఏది కొత్తగా మొలిచిందో ఏటేటా చూస్తూ వచ్చారు. డాక్టరేటు అయ్యాక అట్లాంటి లెక్కల మీదనే ఏళ్ళు గడిపే పరిశోధకులున్నారు!

"చెట్లు లెక్కవెడితే కడుపు నిండుతదా బిడ్డా?" అన్నాడు నాయిన. బావి అప్పు, చెల్లె పెళ్ళి ఆయన కళ్ళముందున్నాయి.

"ఒక్క పంట చూసి చెలక గుణం చెప్పగలవా నాయినా?" అన్నాను.

"పదేండ్లన్న దున్నాలె" అన్నాడు.

మరి వందేళ్ళు బతికే చెట్ల సంగతి ఒక్క ఏడులో తేలుతుందా? ఎమ్మెస్సీ ఎకాలజీకి దరఖాస్తు పెడుతున్నాను. నాయిన ఇంకా ఔననలేదు.