నాయనమ్మ పుస్తకం

ఫిలింనగర్‌లో పనిచేశానంటే మిత్రులంతా "ఎవర్ని చూశావురా?" అని అడుగుతారు. నేను చూసింది చిల్లులు పడిన ఓ తెల్లచీరని!

కిందటి వేసవిలో రోజూ జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగి ఒక చిన్న ఎడిటింగ్ గదికి నడిచేవాణ్ణి. వీడియో ఫైళ్ళను విప్పి చూపే ప్రోగ్రాము ఎంపెగ్-2కి ఉంది, ఎంపెగ్-4కీ కావాలన్నారు. పాత ఫోల్డరు కాపీ చేసి, తేడా ఉన్నచోట దిద్దాను. రెండు రోజుల్లో పని పూర్తి. నా అంతవాడు లేడనుకున్నాను.

కొన్నాళ్ళకి ఒక ఎంపెగ్-2 సినిమాలో తెల్లమబ్బుల మీద నల్లచుక్కలు కనబడ్డాయి. వెలుగు విలువ 0 నుంచి 255 లోపే ఉండాలి. లెక్కలో 260 వస్తే 255 దగ్గర ఆపాలి. ఆపకపోతే ఒక బైటులో పట్టక అది 4 అవుతుంది. తెలుపు కాస్తా నలుపవుతుంది. ఒక్క వరుసతో సరిచేశాను.

వారానికి ఎడిటరుగారు పిలిచారు. "ఏం తమ్ముడూ, హీరోయిన్ చీరకి చిల్లులు పెట్టావేంటి?" అది ఎంపెగ్-4 ఫైలు. అదే తప్పు నా కాపీలో భద్రంగా ఉంది! ఆ రాత్రంతా కూర్చుని ఫైళ్ళన్నీ మళ్ళీ చేశాను.

తర్వాత, 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ కోడు తెరచి చూశాను. ఎంపెగ్-1, ఎంపెగ్-2, నేను తంటాలుపడ్డ ఎంపెగ్-4 రెండో భాగం - మూడూ బొమ్మను 8×8 గళ్ళుగా కోసి, 1974లో అహ్మద్, నటరాజన్, కె.ఆర్. రావుగార్లు ప్రకటించిన డీసీటీ లెక్కనే వాడతాయి. ఆ లెక్కను వెనక్కి తిప్పే కోడు అక్కడ అందరికీ ఉమ్మడి. ఎవరి హెడర్లు వారు చదువుకునే భాగం వేరు. 2003లో వచ్చిన హెచ్.264 పూర్ణాంకాల లెక్క వేరు గనుక, దాని కోడు విడిగానే ఉంచారు.

చూడగానే మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఉమ్మడి సేద్యంలో నాన్నా బాబాయీ కూలీల పద్దు చెరో పుస్తకంలో రాసేవారు. ఇచ్చేసిన కూలి ఒకదాంట్లో కొట్టేస్తే రెండోదాంట్లో బాకీ మిగిలేది, గొడవలు. నాయనమ్మ రెండూ తీసేసి, ఒక్క పుస్తకం దూలానికి వేలాడగట్టింది. బాబాయి సొంత గేదెల పాల లెక్కని మాత్రం అందులో రాయనివ్వలేదు.

ఏది ఉమ్మడో, ఏది సొంతమో ఆవిడకి తెలుసు. నాకు తెలియడానికి ఒక చీర పాడైంది.