లడాఖ్‌లో వంటిల్లే ఇల్లు

మన పల్లెలలో అతిథిని అరుగుమీదనో వసారాలోనో కూర్చుండబెడతాము. లడాఖ్‌లో మాత్రం నేరుగా వంటింటికే తోడ్కొనిపోతారు. పాతకాలపు ఇండ్లలో కుటుంబమంతా మసలే పెద్ద గది అదే. గోడ వెంబడి అరలలో తళతళలాడే రాగి, ఇత్తడి పాత్రలు. పొయ్యికి చేరువగా పెద్దలు. వారి తరువాత వయసు వరుసన పిన్నలు.

సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో నీరు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతుంది. పప్పు ఒక పట్టాన ఉడకదు. అందుకే అక్కడి తల్లులు తరతరాలుగా వేయించిన బార్లీపిండిని, గోధుమపిండిని నమ్ముకొన్నారు. ‘స్క్యూ’ వండే పూట పిల్లలకూ పని దొరుకుతుంది. పిండిని చిన్న ఉండలు చేసి బొటనవ్రేలితో నొక్కితే గుంట పడుతుంది. వాటిని దుంపకూరలతో కలిపి ఉడికిస్తారు. వంకరగా వచ్చినవి ఎవరి చేతివో తినేవేళ అందరికీ తెలిసిపోతుంది.

శీతకాలంలో కొన్ని రాత్రులు చలి సున్నకు 20 డిగ్రీల దిగువకు పడిపోతుంది. చెట్లు అరుదైన ఆ సీమలో పుల్లలూ పిడకలూ పొదుపుగా వాడవలసిందే. వంటకూ, బిడ్డల వెచ్చదనానికీ ఒకే నిప్పు.

నేడు గ్యాసు పొయ్యి, ప్రెషర్ కుక్కరు వచ్చాయి. పప్పు ఉడుకుతున్నది, పసివారి కళ్లకు పొగ తగ్గింది. అది చిన్న మేలు కాదు. అయితే గ్యాసు మంట గిన్నెను వేడిచేస్తుంది గాని గదిని కాదు. కనుక చలి ముదిరిన నాడు ఇంటిల్లిపాదీ మరల ఆ పాత పొయ్యి చుట్టూనే చేరుతారు. అవ్వ కథ ముగియకముందే పసివాడు ఆమె ఒడిలో నిద్రపోతాడు.