దాయ్‌తో ఒక దావత్



హోటల్‌కి పోదామంటే మన ఇళ్లల్లో మొదటి సవాల్ రుచి గురించి రాదు. "హలాలేనా? అడిగినావా, బోర్డు చూసి నమ్మేసినావా?" అనేది మా అమ్మీ, ఉన్నన్నాళ్లూ. మోమోల దగ్గర ఈ సవాల్ ఇంకా గట్టిగా వేసుకోవాలి. పైన మైదా పొర, లోపల ఏముందో కంటికి కనపడదు. నేపాల్‌లో మోమో అంటే ఎక్కువగా గేదె మాంసమే. ఆవు వాళ్ల జాతీయ జంతువు, దాన్ని కోయడం అక్కడ జుర్మ్. కొన్ని దుకాణాల్లో పంది మోమోలు కూడా అమ్ముతారు, అన్నీ ఒకే ఆవిరి గిన్నెలో ఉడకొచ్చు. కాబట్టి హైదరాబాద్‌లో మోమో బండి ముందు నిలబడితే జబీహా గురించే కాదు, గిన్నె గురించి కూడా అడగండి.

దోహాలో ఆ ఫికర్ లేదు. అక్కడ మామూలు హోటళ్లలో దొరికే మాంసం హలాలే. 2023 అక్టోబర్‌లో తమ్ముడి దగ్గరికి పోయినప్పుడు, ఒక జుమా రోజు మగ్రిబ్ నమాజ్ అయినాక వాడు నన్ను నేపాలీ హోటల్‌కి తీసుకుపోయినాడు. సూఖ్ వాఖిఫ్ మెట్రో స్టేషన్‌లో దిగి, టూరిస్టులు తిరిగే బజార్ దాటి, వెనక గల్లీల్లో కాసేపు నడిచినాం. మెట్లెక్కితే పైన ఒకే హాలు. జుమా సెలవు కాబట్టి బెంచీలన్నీ నిండి ఉన్నాయి. అందరూ మజ్దూర్లే, అందరూ మగవాళ్లే.

గోడ మీద నేపాలీ క్యాలెండర్ ఉంది. అందులో సాల్ 2080. బయట 2023, మన లెక్కలో హిజ్రీ 1445. క్యాలెండర్‌లో కొన్ని రోజుల మీద ఎవరో ఎర్ర పెన్నుతో గీతలు గీసి పెట్టినారు. అది దశైం పండగ, మన దగ్గర హిందువులు చేసుకునే దసరానే. నేపాల్‌లో పదిహేను రోజులు చేస్తారు.

దావత్ ఇచ్చింది తమ్ముడు. మెహమాన్ నేను కాదు, వాడి రూమ్మేట్. తమ్ముడు ఆయన్ని "దాయ్" అని పిలుస్తాడు. నేపాలీలో దాయ్ అంటే అన్న. భాయ్ అంటే మాత్రం తమ్ముడు! మనం ఇజ్జత్‌తో "భాయ్" అంటే అక్కడ వయసు తగ్గించినట్టు అవుతుందని తమ్ముడు మెట్ల మీదే చెప్పినాడు. దాయ్‌కి యాభై దాటినాయి. నేను ఏది అడిగినా ముందు "హజూర్" అని, తర్వాత జవాబ్ చెప్పేవాడు. మన హుజూర్ మాటే అది. నేపాలీలో మామూలుగా "ఆఁ, చెప్పండి" అనడానికి వాడతారు. అదాలత్, సర్కార్, కితాబ్, కాగజ్, కలమ్ కూడా వాళ్లకు ఉన్నాయి.

తెచ్చిపెట్టిన అబ్బాయి మా తమ్ముణ్ని చూసి సలాం చేసినాడు. నేపాల్ తరాయి ప్రాంతం ముసల్మాన్. 2021 జనాభా లెక్కల్లో ఆ దేశంలో మనవాళ్లు నూటికి ఐదుగురు. ఎక్కువమంది తరాయి మైదానాల్లో ఉంటారు. కాశ్మీర్ నుంచి వందల ఏళ్ల కింద వచ్చినవాళ్ల ఖాన్‌దాన్లు ఖాట్మండూలో ఉన్నాయి, వాళ్ల మసీదు ఊరి నడిబొడ్డునే ఉంది. కొండల్లో గాజులమ్మే ముసల్మాన్లను చురౌటే అంటారు. చురా అంటే గాజు. లాడ్ బజార్‌లో చూడీలు అమ్మే మనవాళ్లు గుర్తొచ్చినారు నాకు.

దస్తర్‌ఖాన్ మాట చెప్తా. దాయ్ ఆవు తినడు, మేం జబీహా కానిది తినం. ఇద్దరి పర్‌హేజ్ కోడి మోమో దగ్గర కలిసింది. పక్కన టమాటా, నువ్వుల అచార్. అందులో తిమూర్ అనే కొండ మిరియం వేస్తారు. కారం కాదు, నాలుక జివ్వుమని మొద్దుబారుతుంది. తర్వాత సేకువా, అంటే మసాలా పట్టించి బొగ్గుల మీద కాల్చిన మేక మాంసం. మన సీఖ్‌కు దగ్గరి చుట్టమే కానీ నూనె, గరం మసాలా తక్కువ. ఆఖర్న దాల్-భాత్. స్టీలు పళ్లెం మధ్యలో అన్నం, చుట్టూ పప్పు, కూర, ఆకుకూర, గుంద్రుక్. ఆవాకు, ముల్లంగాకు వాడ్చి, కుండలో అదిమిపెట్టి, పులిసినాక ఎండబెడితే గుంద్రుక్ అవుతుంది. గోంగూర తిన్న నోటికి ఆ పులుపు కొత్త కాదు. అన్నం, పప్పు అడిగినన్నిసార్లు వేస్తారు. మజ్దూర్లకు ఈ హోటల్ ఎందుకు ఇష్టమో నాకు అక్కడ అర్థమైంది.

దాయ్ 2012లో వచ్చినాడు. ఏజెంటుకు కట్టడానికి ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి ఖర్జ్ తెచ్చినాడు. మన రాయచోటి పిల్లల కథే. 2015లో నేపాల్ సర్కార్ గల్ఫ్‌కు పోయేవాళ్ల దగ్గర పదివేల నేపాలీ రూపాయలకు మించి తీసుకోకూడదని రూల్ పెట్టింది. దాయ్‌కి అది మూడేళ్లు ఆలస్యం. ఖర్జ్ తీరడానికే రెండేళ్లు పట్టిందట. ఇప్పుడు పూర్తిగా ఇంటికి పోతున్నాడు, వచ్చే గురువారం ఫ్లైట్. ఈ దావత్ విదాయీ దావత్.

మోమోలు అయిపోయినాక అసలు మాట బయటికొచ్చింది. ఖతర్ చట్టం ప్రకారం ఏడాది దాటి పనిచేసినవాళ్లకు పోయేటప్పుడు ఏడాదికి కనీసం మూడు వారాల మూల జీతం ఇవ్వాలి. దాయ్ మూల జీతం 1000 రియాళ్లు. అది 2021 నుంచి అక్కడ చట్టం పెట్టిన కనీస జీతం. పదకొండేళ్లకు లెక్కేస్తే 7700 రియాళ్లు. కంపెనీ మాత్రం తొమ్మిదేళ్లకే లెక్క కట్టి 6300 అంది. మొదటి రెండేళ్లు కంపెనీ వేరే పేరుతో ఉండేదట, అవి లెక్కలోకి రావట. అదే క్యాంపు, అదే ఫోర్‌మన్, అదే పని!

"1400 రియాళ్లు, దాయ్. మీ పైసల్లో యాభై వేలు. అది నీ హక్. టికెట్ ఆపు, లేబర్ ఆఫీసులో ఫిర్యాద్ ఇద్దాం, నేను వస్తా," అన్నాడు తమ్ముడు.

"హజూర్," అన్నాడు దాయ్. కాసేపు గుంద్రుక్ కలుపుకున్నాడు. తర్వాత హిందీలో నెమ్మదిగా చెప్పినాడు. "ఫిర్యాద్ ఇస్తే ఎన్ని వారాలు పడుతుందో తెలీదు. దశైం పోతుంది. ఆమాకు 78 ఏళ్లు. పోయిన నాలుగు దశైంలకు వీడియో కాల్‌లో టీకా పెట్టింది, ఫోన్ అద్దానికి. ఈసారి నుదుటికి పెట్టించుకుంటా."

తమ్ముడు ఇంకో మాట అనలేదు. ఎందుకో నాకు తెలుసు. అమ్మీ ఇంతెఖాల్ అయినప్పుడు వాడికి సెలవు దొరకలేదు. జనాజాను ఫోన్‌లోనే చూసినాడు. ఆ రోజు ఫోన్ పట్టుకున్నది నేను. మయ్యిత్ ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, చుట్టాలు, పొరుగువాళ్లు తెస్తారు. దోహా రూములో తమ్ముడికి చుట్టాలెవరు? మూడు రోజులు దాయే వండిపెట్టినాడు. మొదటి పూట పప్పులో ఉప్పు లేదట. వాళ్లలో తల్లిదండ్రులు పోయినవాళ్లు పదమూడు రోజులు ఉప్పు తినరు. తమ్ముడికీ అదే అదబ్ అనుకుని వేయలేదు. తమ్ముడు ఏమీ అనకుండా ఆ చప్పిడి పప్పే తిన్నాడు. ఈ సంగతి వాడు నాకు ఈ ప్రయాణంలోనే చెప్పినాడు.

మజ్దూర్ చెమట ఆరకముందే వాడి కూలి ఇవ్వమని మన నబీ కరీమ్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ చెప్పినారు. ఇక్కడ పదకొండేళ్ల చెమట. రెండేళ్లది కాగితం మీద పేరు మారిందని ఆవిరైపోయింది. దాయ్‌ని సబర్ చేసుకున్నాడని మెచ్చుకోవడం నాకు నచ్చదు. ఆయన సబర్ చేయలేదు. తల్లి చేతికీ తన హక్‌కూ మధ్య ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది, ఎంచుకున్నాడు. అలా ఎంచుకోక తప్పని హాలత్‌లో మనిషిని పెట్టడమే జుల్మ్.

గురువారం లోపు 6300కి సంతకం పెట్టి ఆయన వెళ్లిపోయినాడు. టీకా రోజున వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. నుదురంతా పెరుగన్నంలా ముద్దగా ఎర్ర బియ్యం, చెవి వెనక పచ్చని జమరా మొలకలు, పక్కన నోటినిండా నవ్వే ముసలావిడ. తమ్ముడు ఆ ఫోటో నాకు పంపి, కింద ఒకే లైను రాసినాడు: "భాయిజాన్, రమ్‌జాన్ ఈద్‌కి సెలవు అర్జీ పెట్టినా. అమ్మీ ఖబర్ దగ్గరికి పోదాం."

మీ ఇంట్లో కూడా గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఉంటే ఒక పని చేయండి. మొదటి కాంట్రాక్టు, మొదటి వీసా పేజీ, మొదటిసారి అక్కడ దిగినప్పటి ముద్ర, కంపెనీ పేరు మారితే ఆ కాగితం, అన్నిటి జిరాక్స్ తీయించి ఇంట్లో బీరువాలో పెట్టండి. జీతం బ్యాంకులో పడిన వివరాలు కూడా ఉంచుకోండి. పోయే నెలలో కాదు, మధ్యలో ఉన్నప్పుడే లెక్క అడగమనండి. పండగ ముంగిట్లో టికెట్ చేతిలో ఉన్నవాడు కొట్లాడలేడు.

అల్లాహ్ పరదేశంలో ఉన్న ముసాఫిర్లందర్నీ, మనవాళ్లనూ వాళ్ల రూమ్మేట్లనూ, సలామత్‌గా తల్లుల దగ్గరికి చేర్చుగాక. ఆమీన్.