నాన్నకు నేను చేసిన ఫోను

మాది బాళగనూరు దగ్గర క్యాంపు. తుంగభద్ర ఎడమగట్టు కాలువ వచ్చాక మా ముత్తాత వాళ్ళు ఆంధ్రా నుంచి వచ్చి ఇక్కడ పొలం చేసుకున్నారని నానమ్మ చెబుతుంది. కోతలప్పుడు మా రోడ్డు మీద రాత్రీ పగలూ ట్రాక్టర్లే. వాటిలో మా నాన్నది ఒకటి.

పోయిన కార్తీకమాసంలో నాన్న ట్రాలీ నిండా వడ్ల బస్తాలతో సింధనూరు మిల్లుకు బయలుదేరాడు. చీకటి పడుతోంది. నాకు లెక్కల నోటుబుక్కు అయిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. ఫోను చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మూడోసారి ఎత్తి "ఏంట్రా?" అన్నాడు. "నాన్నా, రెండు వందల పేజీలది..." అంటుండగానే పెద్ద చప్పుడు. తర్వాత ఏమీ వినపడలేదు.

ట్రాలీ ఎడమపక్కకు లాగి పిల్లకాలువలో ఒరిగిపోయింది. నాన్న మోచెయ్యి చీరుకుపోయింది. పదకొండు బస్తాలు తడిశాయి. అదంతా పరవాలేదు. ఆ పక్కనే గొర్రెలు తోలుకొస్తున్న ఒక తాత ఉన్నాడట. మూరెడు దూరంలో తప్పిపోయాడు. ఆ మూరెడు సంగతి తలచుకుంటే నాకిప్పటికీ నిద్ర పట్టదు.

తర్వాత మా సార్ క్లాసులో చట్టం గురించి చెప్పారు. మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక 2019 సెప్టెంబరు 1 నుంచి, ఫోను చేత్తో పట్టుకుని బండి నడపడం 184వ సెక్షన్ కింద ప్రమాదకరంగా నడపడమే. మొదటిసారి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. 2020 అక్టోబరు నుంచి దారి చూసుకోవడానికి మాత్రం ఫోను వాడొచ్చు, అదీ దృష్టి చెదరకుండా. కన్నడంలో జరిమానాను దండ అంటారు. నానమ్మకు అది దండగ అని వినపడుతుంది, అదీ నిజమే.

నేను లెక్క వేశాను. ట్రాక్టరు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు ఎనిమిది మీటర్ల పైనే. ఫోను తీసి, పేరు చూసి, బటన్ నొక్కడానికి ఐదు సెకన్లు అనుకుంటే నలభై మీటర్లు. మా గ్రౌండులో అడుగులతో కొలిచి చూశాను. నీళ్ళ ట్యాంకు నుంచి గేటు దాకా వచ్చింది. అంత దూరం కళ్ళు మూసుకుని నడవమంటే నేనే నడవలేను.

"సార్, ఫోను చేసినవాళ్ళకు ఏ సెక్షన్?" అని అడిగాను. అందరూ నవ్వారు. సార్ నవ్వలేదు. "అలాంటి సెక్షన్ లేదు" అన్నారు.

నాన్నను అడిగితే, మిల్లువాళ్ళ ఫోను ఎత్తకపోతే బాడుగ వేరేవాళ్ళకు పోతుందంటాడు. ఆ మాటా అబద్ధం కాదు. ఇప్పుడు ఫోను సీటు కింద పనిముట్ల పెట్టెలో పెడుతున్నాడు. రోజూ కాదు, నేను చూస్తున్నప్పుడు. నేను మాత్రం ఆయన బయలుదేరాక ఫోను చేయడం మానేశాను. చేరాక ఆయనే చేసి "ఏం కావాలో చెప్పు" అంటాడు.

ఆ రాత్రి అమ్మ "ఎవరి ఫోనండీ అది?" అని గట్టిగా అడిగింది. "మిల్లు గుమస్తాది" అన్నాడు నాన్న, నావైపు చూడకుండా. నేను అన్నం తింటూ తల ఎత్తలేదు. అమ్మ ఆ గుమస్తాను ఇప్పటికీ తిడుతూనే ఉంది.

ఈ పత్రిక ఇంటికొస్తే అమ్మ మొదటి పేజీ నుంచి చదువుతుంది. అమ్మా, ఆ ఫోను గుమస్తాది కాదు, నాది.