88లో హీరో, 94లో విలన్

ఫుట్‌బాల్ అభిమానికి అసలు బీపీ పెరిగేది 80వ నిమిషం తర్వాతే. అప్పటిదాకా ఆటగాళ్లని తిడతాం. ఆ తర్వాత కోచ్‌ మీద పడతాం. ‘వాణ్ని ఎందుకు తీశాడు? వీణ్ని ఎందుకు దింపాడు?’ మా సత్తెనపల్లిలో క్రికెట్ మాట్లాడేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. ఫుట్‌బాల్ పిచ్చోళ్లం మాత్రం మా వాట్సాప్ గ్రూపులో నలుగురమే. ఆ నలుగురం చేసే గోల నలభై మందికి సరిపోతుంది.

మా దగ్గర ఎక్కువ దండలు, ఎక్కువ తిట్లు పడింది ఒక్కరికే. స్పెయిన్ కోచ్ మనోలో మార్క్వెజ్.

2022 మార్చి 20, గోవాలో ఐఎస్‌ఎల్ ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ చేతిలో మన హైదరాబాద్ ఎఫ్‌సీ 0-1తో వెనకబడింది. సబ్‌స్టిట్యూట్‌గా దిగిన సాహిల్ తవోరా 88వ నిమిషంలో బాక్స్ బయటి నుంచి కొట్టాడు. గోల్! షూటవుట్‌లో గోల్‌కీపర్ కట్టిమని మూడు ఆపాడు. 3-1తో కప్పు మనది. ఆ రాత్రి మా గ్రూపులో మార్క్వెజ్ దేవుడు.

2025 జూన్ 10, హాంకాంగ్‌లో ఆసియా కప్ క్వాలిఫయర్. ఈసారి ఆయన భారత జట్టు కోచ్. సునీల్ ఛెత్రీని మొదట బెంచ్ మీద కూర్చోబెట్టి, రెండో సగంలో దింపారు. గోల్ రాలేదు. 94వ నిమిషంలో పెనాల్టీ ఇచ్చుకున్నాం, 0-1. ‘ఈయనకి ఏమన్నా తెలుసా?’ అన్నారు మావాళ్లు. వచ్చే నెలలోనే ఆయన వెళ్లిపోయారు. ఆయన కింద 8 మ్యాచ్‌లు ఆడితే గెలిచింది ఒక్కటే.

మూడేళ్లలో మనిషికి తెలివి పోయిందా?

మాది మిర్చి పండించే ఇల్లు. కల్లంలో కాయ ఎండగానే ఏటా ఒకటే తర్జనభర్జన. గుంటూరు యార్డుకి తోలాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా? పెట్టాక రేటు పెరిగితే నాన్న మొనగాడు. పడితే ఊరంతా కోచ్‌లే. ఒక ఏడు రేటు బాగా పడింది. ‘అప్పుడే అమ్మేస్తే పోయేదిగా’ అన్నాడు మా బాబాయి. నాన్న అన్నం తింటున్నవాడల్లా చెయ్యి ఆపి, ‘రేటు తెలిశాక ఎవుడైనా చెబుతాడురా. కల్లంలో ఉన్నప్పుడు నువ్వేం చెప్పావో అది చెప్పు’ అన్నాడు. బాబాయి దగ్గర జవాబు లేదు.

మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్‌నే చూడండి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి గాయమైతే, అతన్ని ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద జర్నైల్ గోల్ కొట్టాడు, 2-1తో స్వర్ణం వచ్చింది. అదే ఓడిపోయి ఉంటే? గాయపడ్డ డిఫెండర్‌ని ముందుకి పంపిన పిచ్చోడు అనేవాళ్లు.

అలాగని కోచ్‌ని అడగొద్దని కాదు. అడగాలి. హాంకాంగ్‌లో ఆట నడుస్తుండగానే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. గోల్ కావాల్సినప్పుడు ఆయన చేతిలో ఉన్నదెవరు? 2024లో రిటైరై, మళ్లీ పిలిస్తే వచ్చిన 40 ఏళ్ల ఛెత్రీ. అతను దేశానికి ఆడటం మొదలుపెట్టింది 2005లో. ఇరవై ఏళ్లలో ఇంకో ఛెత్రీ తయారు కాకపోతే, ఆ తప్పు 94వ నిమిషంలో జరిగింది కాదు. కోచ్ దింపగలిగేది బెంచ్ మీద ఉన్నవాణ్నే కదా.

అందుకే మా గ్రూపులో ఇప్పుడొక రూల్. సబ్‌స్టిట్యూషన్ బోర్డు లేవగానే ఎవరి మాట వాళ్లు టైప్ చేసేయాలి. ఫైనల్ విజిల్ తర్వాత గుర్తొచ్చిన సలహా చెల్లదు. దీనివల్ల కోపం తగ్గిందా అంటే, లేదు. కోచ్‌కి పడాల్సినవి కోచ్‌కి, ఇరవై ఏళ్లుగా బెంచ్ నింపనివాళ్లకి పడాల్సినవి వాళ్లకి పడుతున్నాయి.