ముందు వోల్టేజీ కొలవండి, తర్వాతే బ్యాటరీ మార్చండి

"అన్నా, సెల్ఫ్ కొడితే టక్ టక్ అంటుంది, ఇంజిన్ తిరుగుతలేదు. కొత్త బ్యాటరీ ఏసి ఆర్నెల్లు గూడ గాలె. ఇప్పుడు డైనమో మార్చాలంటున్నరు."

పటాన్‌చెరు దగ్గరి చిట్కుల్ నుంచి తమ్ముడి ఫోను. ఇక్కడ మిషిగన్‌లో రాత్రి. అక్కడ తెల్లవారింది, వాడు పాశమైలారంలో షిఫ్టు అందుకోవాలి. ఇంట్లో మల్టీమీటర్ ఉందన్నాడు. వీడియో కాల్ పెట్టమని, ఏదీ విప్పకముందే కొలతలు చెప్పమన్నాను.

బండి రాత్రంతా ఆగి ఉంది కాబట్టి బ్యాటరీ అసలు స్థితి తెలుస్తుంది. నిండా చార్జి ఉంటే 12.6 వోల్టులు, సగానికి తగ్గితే 12.2 దగ్గర. వాడికి 12.5 చూపించింది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు మంచి బ్యాటరీ అయినా పది, పదకొండుకు దిగుతుంది, 9.6 కన్నా కిందికి పోతేనే దాన్ని అనుమానించాలి. వాడి మీటరు పన్నెండు కిందికి రాలేదు. అంటే బ్యాటరీలో కరెంటు ఉంది, సెల్ఫ్ మోటారు దాకా పోవడం లేదు.

మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిన్ లోహం మీద పెట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టించాను. ఆ రెంటి మధ్య 0.2, 0.3 వోల్టుకు మించి తేడా ఉండకూడదు. నాలుగు దాటింది! ఎర్త్ వైరు బోల్టు దగ్గర చిలుము పట్టి ఉంది. ఎమెరీ కాగితంతో రుద్ది బిగించాక బండి ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. ఇంజిన్ నడుస్తుండగా, హెడ్‌లైట్లు, ఏసీ వేసి చూస్తే 14.2 వోల్టులు. డైనమోకు ఏ లోపమూ లేదు.

మరి లైట్లు, హారన్ బాగానే పనిచేశాయి కదా అంటారు. అసలు పొరపాటు అక్కడే జరుగుతుంది. దారిలో ఓమ్‌లో నూరో వంతు అడ్డంకి ఉందనుకోండి. ఐదు ఆంపియర్ల బల్బుకు అది 0.05 వోల్టు నష్టం, కంటికి ఆనదు. సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు లాగితే అదే అడ్డంకి ఒకటిన్నర వోల్టు మింగేస్తుంది. అందుకే టెస్ట్ ల్యాంపు వెలిగినంత మాత్రాన ఎర్త్ బాగున్నట్టు కాదు. బరువు పడినప్పుడే కొలవాలి. డెట్రాయిట్‌లో తయారైన 1912 కాడిలాక్‌కు చార్లెస్ కెట్టరింగ్ ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టరు అమర్చినప్పటి నుంచీ కారు బ్యాటరీకి అతి పెద్ద పరీక్ష సెల్ఫ్ కొట్టడమే.

మా మిషిగన్ చలిలో బ్యాటరీ మొరాయిస్తుంది గానీ, దాన్ని లోలోపల తినేసేది ఎండ. పటాన్‌చెరు వేసవిలో బానెట్ కింది వేడికి లోపలి నీరు ఆవిరవుతుంది, సీసం పలకలు త్వరగా తుప్పుపడతాయి. కాబట్టి బ్యాటరీలు నిజంగానే పోతాయి. కానీ పోయిందని మీటరు చెప్పాలి, ఊహ కాదు. షిఫ్టుకు పోయే కార్మికుడికి, ఆటో నడిపేవాడికి అక్కర్లేని బ్యాటరీ ఖర్చు చిన్నది కాదు. ఊహతో సామాను మార్చడాన్ని నేను వైద్యం అనను.

నాలాంటి ప్రవాసులకు ఇంకొక మాట. ఊళ్లో కారు వదిలి వస్తాం కదా. తాళం వేసిన కారులోనూ గడియారం, అలారం, కంప్యూటరు కొంత కరెంటు లాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్ల దాకా మామూలే. కానీ నెల రోజులకు అది 36 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీ మొత్తం దాదాపు అంతే. ఫ్లైటు ఎక్కే ముందు నెగటివ్ టెర్మినల్ విప్పి రండి. ఐదారు వందలకు దొరికే మల్టీమీటర్ ఒకటి ఇంట్లో ఉంచి, తమ్ముడికో చెల్లికో వాడటం నేర్పండి.