పట్టాలు లేని రైలు దారిలో...

సైకిల్ తొక్కడం మీరెప్పుడు మానేశారు? మనలో చాలామంది చెప్పే జవాబు ఒకటే, పెళ్ళయ్యాక! స్కూలుకో కాలేజీకో తొక్కిన సైకిల్ తమ్ముడికో, పక్కింటి పిల్లకో వెళ్ళిపోతుంది. ఆ తర్వాత మనకూ దానికీ రుణం తీరిపోతుంది. ఇంక కొండల్లో సైకిల్ యాత్ర అంటే మనకేం సంబంధం అనుకుంటాం. తలకు హెల్మెట్లు పెట్టుకుని రాళ్ళమీంచి దూకే కుర్రాళ్ళ పని అది అనుకుంటాం.

మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న కొండల్లో అలా దూకే దారులు చాలానే ఉన్నాయి లెండి. కానీ అదే కొండల్లో, మోకాళ్ళ నొప్పుల గురించి ఆలోచించే వయసు వాళ్ళు కూడా హాయిగా వెళ్ళగలిగిన దారి ఒకటుంది. దాని పేరు పారెంజానా. ఇటలీలోని ట్రియెస్టె పట్నం నుంచి స్లొవేనియా మీదుగా క్రొయేషియాలోని పొరెచ్ దాకా 123 కిలోమీటర్లు. మూడు దేశాలు, ఒకే దారి. ఈ ప్రాంతమంతా ఇస్ట్రియా అనే ద్వీపకల్పం. మధ్యధరాలో ఒక పాయ అయిన ఏడ్రియాటిక్ సముద్రానికి ఉత్తరం కొసన ఉంది. సముద్రానికి అవతల ఒడ్డున వెనిస్ నగరం.

మా మేనకోడలు ట్రియెస్టెలో చదువుకుంటోంది. 1964లో అక్కడ పెట్టిన అంతర్జాతీయ భౌతికశాస్త్ర కేంద్రం పుణ్యమా అని మన దేశం నుంచి శాస్త్రవేత్తలు ఆ ఊరికి వెళ్ళిరావడం మామూలే. "అత్తా, నాలుగు రోజులు సైకిల్ మీద తిప్పుతాను, రా" అంది. మావారు ముందు నవ్వారు. తర్వాత ఆయనే ముందు సీటెక్కారు.

బలహీనమైన రైలు చేసిన మేలు

ఈ దారి ఇంత సులువుగా ఉండటానికి కారణం వింటే మీకూ ముచ్చటేస్తుంది. ఇది ఒకప్పటి రైలు దారి. ఈ ప్రాంతం ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉన్న కాలంలో, 1902లో ఇక్కడ చిన్న రైలు వేశారు. పట్టాల మధ్య వెడల్పు 760 మిల్లీమీటర్లే. మన శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్న రైలుకి 762 మిల్లీమీటర్లు. అంటే ఇంచుమించు అక్కచెల్లెళ్ళే అన్నమాట. నౌపడ లైను తర్వాత బ్రాడ్ గేజ్ అయింది. ఇస్ట్రియా రైలుకి ఆ అదృష్టం పట్టలేదు. రోడ్లూ బస్సులూ వచ్చాక నష్టాలొచ్చి 1935 ఆగస్టులో మూసేశారు. పట్టాలు ఊడదీసి పట్టుకుపోయారు. మొత్తం బతికింది 33 ఏళ్ళు.

ఆ రైలింజను నిటారు కొండ ఎక్కలేదు. అందుకని కట్టినవాళ్ళు కొండల్ని చుట్టి చుట్టి, లోయల మీద వంతెనలు కట్టి, అడ్డొచ్చిన చోట సొరంగాలు తవ్వి దారిని మెల్లగా పైకి తీసుకెళ్ళారు. ఎక్కువ ఏటవాలుగా ఉన్నచోట కూడా వంద అడుగులు వెళితే మూడడుగుల లోపే ఎత్తు పెరుగుతుంది. ట్రియెస్టెలో ఎక్కితే పొరెచ్‌లో దిగేసరికి దాదాపు ఏడు గంటలు పట్టేదట. ఎగుడు దారిలో జనం దిగి, పక్క తోటల్లో నాలుగు పండ్లు కోసుకుని మళ్ళీ ఎక్కేవారని ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. అంత నెమ్మదస్తురాలు! కానీ ఆ రైలు మీదే ఇస్ట్రియా పల్లెల ద్రాక్షసారా, ఆలివ్ నూనె, ఉప్పు, కూరగాయలు పట్నం చేరేవి. దానికోసం వేసిన ఆ మెల్లని వాలే ఈ రోజు మనలాంటి వాళ్ళ మోకాళ్ళకు శ్రీరామరక్ష.

ఉప్పు పండే చోట

ట్రియెస్టె ఊళ్ళో రద్దీ ఎక్కువ. అందుకని చాలామంది పడవ మీద మూజా అనే పక్క ఊరికి చేరి అక్కడ మొదలుపెడతారు. చలికాలంలో ఇటు బోరా అనే ఈదురుగాలి వీస్తుంది. 1910లో ఆ గాలి మూజా దగ్గర రైలునే పడగొట్టింది, మనుషుల ప్రాణాలు పోయాయి. కాబట్టి ఏప్రిల్ నుంచి జూన్, లేదంటే సెప్టెంబర్, అక్టోబర్ నెలలే మంచివి. జూలై, ఆగస్టుల్లో ఎండ మన ఎండలాగే మండిపోతుంది.

స్లొవేనియాలో ఈ దారిని "ఆరోగ్యం, స్నేహం దారి" అంటారు. పేరు బాగుంది కదూ? కోపర్, ఇజోలా, పోర్తొరోజ్... అన్నీ సముద్రం ఒడ్డు ఊళ్ళు. దారి చాలావరకు నున్నటి తారు. పిల్లల బండి తోసుకుంటూ తల్లులు, కుక్కల్ని పట్టుకుని ముసలివాళ్ళు అదే దారిలో నడుస్తుంటారు. పోర్తొరోజ్ దగ్గర అర కిలోమీటరు పైనే పొడవున్న సొరంగం వస్తుంది. లోపల దీపాలున్నాయి, చల్లగా ఉంటుంది. భయపడాల్సిన పనిలేదు.

స్లొవేనియా దాటేముందు సెచోవ్‌లియె ఉప్పు మళ్ళు కనిపిస్తాయి. ఏడొందల ఏళ్ళుగా ఇక్కడ ఉప్పు తీస్తున్నారు. మడి అడుగున నాచూ ఖనిజాలూ కలిసిన పల్చని పొర ఒకటి పెంచుతారు. దాన్ని "పెతోల" అంటారు. బురద పైకి రాకుండా ఆ పొర ఆపుతుంది, అందుకే ఉప్పు తెల్లగా వస్తుంది. పాతరోజుల్లో ఎండాకాలం మొదలవగానే పిరాన్ ఊరి సంసారాలు పిల్లాపాపలతో, వంటసామానుతో మళ్ళ పక్కనున్న ఇళ్ళకి తరలివచ్చేవి. ఆడవాళ్ళు ఇటు మడిలో ఉప్పు లాగాలి, అటు ఇంట్లో పొయ్యి చూసుకోవాలి. రాళ్ళతో కట్టిన ఆ ఇళ్ళలో చాలావాటికి ఇప్పుడు గోడలే మిగిలాయి. నౌపడ ఉప్పు మళ్ళు చూసినవాళ్ళకి ఆ ఎండా, ఆ కష్టమూ వేరే చెప్పక్కర్లేదు.

మనుషులు వెళ్ళిపోయిన ఊళ్ళు

క్రొయేషియాలో అడుగు పెట్టాక దారి కంకరది. లావు టైర్ల సైకిల్ ఎందుకు తీసుకోమన్నారో అక్కడ తెలుస్తుంది. బుయె దాటాక కొండలు మొదలు. ఆలివ్ తోటలు, ద్రాక్ష తోటలు, ఎర్రమట్టి. ప్రతి కొండ నెత్తిమీదా కిరీటం పెట్టినట్టు ఒక రాతి ఊరు, అందులో ఒక గంట స్తంభం. ఆ కొండల్లోనే గ్రోజ్‌న్యాన్ వస్తుంది. దారి మొత్తానికి ఎత్తయిన స్టేషను అదే.

ఈ ఊరి కథ వింటే మనసు చివుక్కుమంటుంది. ఇస్ట్రియా ఎన్నో చేతులు మారింది. వెనిస్, ఆస్ట్రియా, మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇటలీ, రెండో యుద్ధం తర్వాత యుగోస్లావియా. 1991లో క్రొయేషియా, స్లొవేనియా విడి దేశాలయ్యాయి. గడప దాటకుండానే మూడు నాలుగు దేశాల మనిషైన బామ్మలు ఇక్కడ ఉండేవారంటే నమ్మండి. రెండో యుద్ధం అయ్యాక ఇటాలియన్ మాట్లాడే వాళ్ళలో ఎక్కువమంది ఇల్లూ వాకిలీ, తోటలూ వదిలిపెట్టి వెళ్ళిపోయారు. గ్రోజ్‌న్యాన్ దాదాపు ఖాళీ అయిపోయింది. కప్పులు కూలాయి, గోడల్లో చెట్లు మొలిచాయి. 1965లో ఆ పాడుబడ్డ ఇళ్ళను చిత్రకారులకీ శిల్పులకీ ఇచ్చి, ఊరిని కళాకారుల ఊరుగా ప్రకటించారు. వాళ్ళొచ్చి బాగుచేసుకున్నారు. 1969 నుంచి వేసవిలో ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి సంగీతం నేర్చుకుంటున్నారు. ఇప్పుడు సందులో నడుస్తుంటే ఒక కిటికీలోంచి వయొలిన్, ఇంకో కిటికీలోంచి పియానో వినిపిస్తాయి.

ఊరి పేర్ల బోర్డులు క్రొయేషియన్‌లోనూ ఇటాలియన్‌లోనూ ఉంటాయి. వెళ్ళిపోయిన వాళ్ళ భాషని బోర్డు మీదైనా ఉంచారు కదా అనిపించింది నాకు. పుట్టిల్లు వదిలి వచ్చినవాళ్ళం మనం. ఆ విలువ మనకి ఒకరు చెప్పాలా?

సొరంగం మీద ఊరు

గ్రోజ్‌న్యాన్ నుంచి దారి సొరంగాలూ వంతెనలూ దాటుకుంటూ మిర్నా నది లోయలోకి దిగుతుంది. సైకిల్ తొక్కే పనే ఉండదు, బ్రేకులు చూసుకుంటే చాలు. వంతెనల మీద ఆగి కిందకి చూస్తే ఓక్ చెట్ల అడవి. లోయలో లివాదె అనే చిన్న ఊరు, అక్కడ ఈ రైలు గురించి ఒక చిన్న మ్యూజియం ఉంది. ఎదురుగా కొండమీద మోతోవున్.

మోతోవున్ ఎత్తు 277 మీటర్లు. వెనిస్ వాళ్ళ కాలం కోటగోడలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కోటగుమ్మం దగ్గర గోడలో వెనిస్ గుర్తయిన రెక్కల సింహం ఉంది. పాత రైలు దారి ఊరి కింద సొరంగంలోంచి వెళ్ళిపోతుంది. ఊరు చూడాలంటే మాత్రం అక్కణ్ణుంచి నిటారుగా ఎక్కాలి. బ్యాటరీ సైకిల్ అయితే ఇబ్బంది లేదు. లేకపోతే దిగి తోసుకుంటూ ఎక్కండి, ఎవరూ ఏమనుకోరు. 1978లో ఫార్ములా వన్ కార్ల పందెంలో ప్రపంచ విజేత అయిన మారియో ఆండ్రెట్టి 1940లో పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆయన కుటుంబం కూడా 1948లో అన్నీ వదిలి వెళ్ళిపోయినదే.

అక్కడి వంటిల్లు

కిందనున్న ఓక్ అడవిలో ట్రఫుల్ అనే వస్తువు దొరుకుతుంది. పుట్టగొడుగు జాతిదే, కానీ చెట్టు వేళ్ళ దగ్గర భూమిలోపల పెరుగుతుంది. వాసన పట్టే కుక్కల్ని వెంటబెట్టుకుని వెతుకుతారు. 1999లో బుయె దగ్గర ఒకాయన కుక్క వెతికిపెట్టిన తెల్ల ట్రఫుల్ 1.31 కిలోలు తూగి గిన్నిస్ బుక్కుకెక్కింది. ధర బంగారంలాంటిదే. దాన్ని కూర వండరు. వేడి వేడి ఫుజీ మీద పల్చగా తురుముతారు.

ఫుజీ అంటే గోధుమపిండీ గుడ్డూ కలిపి చేసేది. చపాతీలా పల్చగా వత్తి, చిన్న చతురస్రాలు కోసి, ఒక్కోదాన్నీ సన్నని పుల్లకి చుట్టి ఎదురెదురు మూలలు నొక్కుతారు. మనం గవ్వలు చేసినంత ఓపిక కావాలి. ఇళ్ళల్లో ఎక్కువగా చేసుకునేది మనెష్‌త్ర. చిక్కుడు గింజలు, బంగాళాదుంప, మొక్కజొన్న వేసి కాచే చిక్కటి చారు. అందులో పంది ఎముక వేయడం వాడుక, శాకాహారులు ముందే అడగాలి. క్రొష్టులె అనే తీపి వంటకం మాత్రం నాకు తెగ నచ్చింది. మైదాపిండి పల్చగా వత్తి రిబ్బన్లు కోసి, ముడివేసి నూనెలో వేయించి, పైన చక్కెరపొడి చల్లుతారు. పాకం పట్టని కాజా అనుకోండి.

ఆఖరి మజిలీ

మోతోవున్ నుంచి వీజినాద మీదుగా దారి మళ్ళీ మెల్లగా సముద్రం వైపు దిగి పొరెచ్ చేరుతుంది. సైకిల్ దిగగానే హోటల్‌కి పరిగెత్తకండి. ముందు యూఫ్రేసియన్ బసిలికా అనే చర్చి చూడండి. ఆరో శతాబ్దంలో కట్టినది. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గర్భగుడిలాంటి చోట, బంగారు రంగు రాళ్ళ మధ్య నడిమి స్థానం బిడ్డనెత్తుకున్న మరియమ్మది. ముందున్న తోరణం మీద పన్నెండుమంది పునీత స్త్రీల ముఖాలు వరసగా ఉన్నాయి. ఒక పక్కన దేవదూత కబురు తెచ్చేసరికి మరియమ్మ ఉన్ని వడుకుతోంది. ఇంకోపక్క ఇద్దరు కడుపుతో ఉన్న ఆడవాళ్ళు, మరియమ్మా ఎలిసబెత్తూ, ఎదురెదురుగా నిలబడ్డారు. వాళ్ళ వెనక తెర తొలగించి ఓ పనిపిల్ల తొంగి చూస్తోంది! పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి ఆ పిల్ల కుతూహలం చూసి నాకు నవ్వాగలేదు.

వెళ్ళాలనుకునే వారికి

* రోజుకి 30 కిలోమీటర్ల చొప్పున నాలుగు రోజులు పెట్టుకోండి. అంతకంటే తొందర అక్కర్లేదు.

* మూడు దేశాలకూ ఒకే షెంగెన్ వీసా చాలు. 2023 జనవరి 1 నుంచి క్రొయేషియా కూడా అందులో చేరింది, అక్కడా యూరోలే చెల్లుతాయి. సరిహద్దుల్లో తనిఖీ ఉండొచ్చు కాబట్టి పాస్‌పోర్టు చేతిసంచీలో ఉంచండి.

* సైకిళ్ళు అద్దెకి దొరుకుతాయి. బ్యాటరీ సైకిల్ అడగడానికి మొహమాటపడకండి.

* కొన్ని సొరంగాల్లో చీకటి. సైకిల్‌కి లైటు తప్పనిసరి. నీళ్ళ సీసా రెండుంటే మేలు. పల్లెల మధ్య కొట్లు తక్కువ.

* చుడీదార్ వేసుకుంటే చున్నీ సంచీలో పెట్టేయండి, చక్రంలో పడితే ప్రమాదం.

* బయల్దేరే ముందు రెండు నెలలు ఇక్కడే తెల్లవారుజామున అరగంట చొప్పున తొక్కండి. పిల్లలు పెద్దయ్యాక మూలపడేసిన సైకిల్ మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. ఇస్ట్రియా వెళ్ళినా వెళ్ళకపోయినా, ఈ ఆదివారం దానికి గాలి కొట్టించండి.